బొంగరం ఊపిరి

ఇల్లు
ఆదివారం

చిట్టికి,

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయింది. చెల్లెలివి, నీకు తెలియాలి. రాస్తున్నాను.

పొద్దున మీ అక్క తేలిగ్గానే లేచింది. పాలు ఒక గుక్క తాగి, "చక్కెర వేశారా, మీ ల్యాబు సీసాలోది ఏమైనా కలిపారా?" అంది. వేయడం మరిచిపోయాను. వేసి ఇచ్చాను. సగం తాగింది.

నర్సు వచ్చి నాడి చూసింది. సామాన్ల గదిలో బయటి చప్పుడు రాకుండా గోడలకి వేలాడదీసిన బొంతలు, వాటి మధ్య మైకు చూసి, "ఇంట్లో సినిమా తీస్తున్నారా అమ్మా?" అని అడిగింది. కొత్తగా వచ్చిన నర్సు. మీ అక్కకి చెప్పుకోవడానికి కొత్త మనిషి దొరికింది.

"తీయడం కాదు, మాట్లాడటం. పిల్లల బొమ్మల సినిమా. బస్ డిపోలో నేల ఊడ్చే రోబో ఒకటి ఉంటుంది. గిరగిరా తిరుగుతూ ఊడుస్తుందని దాన్ని బొంగరం అంటారు. ఒక డ్రైవరమ్మ కూతురు బడి అయ్యాక వాళ్లమ్మ బస్సు కోసం అక్కడ కూర్చుంటుంది. ఇద్దరికీ స్నేహం."

"మీరు ఆ పాపకి మాట్లాడతారా?"

"నా మొహానికి పాపా? నేను రోబోని."

నర్సు నా వైపు చూసి, "రోబోకి సార్ అయితే సరిగ్గా సరిపోయేవారు" అంది. మీ అక్కకి నవ్వు వచ్చింది, నవ్వుతో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వింది.

తర్వాత చివరి సీను పెట్టుకున్నాం. డిపో మూసేస్తారు, బొంగరాన్ని వేరే ఊరికి పంపించేస్తారు, అది పిల్ల దగ్గర సెలవు తీసుకుంటుంది. మామూలు పద్ధతే. ఆక్సిజన్ యంత్రం చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి ఒక్క వాక్యానికే దాన్ని ఆపుతాను. వాక్యం అవగానే ఆన్ చేస్తాను. డాక్టరు అంతవరకే ఒప్పుకున్నాడు. పిల్ల మాటలు నేను చదివాను. ఆమె బొంగరం మొదటి వాక్యం చెప్పింది. ఒక్కసారికే బాగా వచ్చింది. యంత్రం వేయమని చేత్తో సైగ చేసింది. "మిగతా రెండూ రేపు" అంది.

మధ్యాహ్నం పడుకుంది. నేను బల్ల దగ్గర కూర్చుని పొద్దుటి వాక్యం కంప్యూటర్లో సర్దుతున్నాను. మంచానికీ బల్లకీ మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరం. చెవుల్లో ఆమె గొంతే వస్తోంది. హెడ్‌ఫోన్లు తీసి తిరిగి చూసేసరికి ఆమె ఇక లేదు. మొహంలో కష్టపడ్డ జాడ లేదు. డాక్టరూ అదే అన్నాడు.

ఇంతే జరిగింది.

ఆమెకి ఆ పని ఇప్పించావు. మంచం పట్టిన మనిషిలా కాక, పనిలో ఉన్న మనిషిలా వెళ్లింది. నీ మేలు మరిచిపోను.

మీ బావ

*

స్టూడియో
గురువారం, టీ వేళ

బావగారికి,

మీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. మా మిక్సింగ్ అబ్బాయి అటు రావడం, నన్ను చూసి వెనక్కి తిరగడం, మళ్లీ రావడం, మళ్లీ తిరగడం. చివరికి, "మేడం, నేను కిందికి వెళ్లాలి, దారి లేదు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. అక్క ఉంటే వాణ్ణి ఇంకో నాలుగుసార్లు తిప్పేది.

ఉన్నది ఉన్నట్టు రాసినందుకు మీకు దణ్ణం పెట్టాలి. మా అమ్మ అడిగితే అదే చదివి వినిపించాను. చక్కెర సంగతి రెండుసార్లు చదివించుకుంది.

ఇప్పుడు మీ ముందు ఒక మాట పెట్టాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడు చేశాను. సూటిగా చెప్పేస్తాను.

బొంగరం చివరి మాటలు మూడు వాక్యాలు. "నీకు భయం వేస్తే నన్ను పిలవకు. పక్కన ఎవరుంటే వాళ్లని పిలువు. నువ్వు పిలుస్తావనే వాళ్లు చూస్తుంటారు." మీరు మాకు పంపింది మొదటిదే. అది ఒక్కటే సినిమాలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. సినిమా అంతా ప్రాణానికి ప్రాణంగా ఉన్న రోబో, చివర్లో పిల్లతో "నీకు భయం వేస్తే నన్ను పిలవకు" అనేసి వెళ్లిపోతుంది! హాల్లో పిల్లలు మళ్లీ ఏ రోబో మొహమూ చూడరు.

నిర్మాత రెండు దారులు చెప్పాడు. ఒకటి, బొంగరానికి మొదటి నుంచి చివరిదాకా ఇంకో ఆర్టిస్టు చేత చెప్పించడం. అంటే అక్క చెప్పినదంతా పోతుంది. రెండోది, అక్క గొంతు కంప్యూటర్‌కి నేర్పించి ఆ రెండు వాక్యాలూ దాని చేత పలికించడం. ఈ రోజుల్లో అది పెద్ద పని కాదట. మనిషి చెడ్డవాడు కాదు, అక్క అంటే గౌరవం ఉంది. "వాళ్లాయన సరే అంటేనే చేద్దాం, లేకపోతే వద్దు" అన్నాడు. బళ్లకి సెలవులు ఇచ్చేలోపు సినిమా విడుదల కావాలి. అందుకని తొందర.

నా అభిప్రాయం అడగకండి. నేను డబ్బింగ్ డైరెక్టర్నీ, అక్కకి చెల్లెల్నీ. ఇద్దరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవడం మానేశారు.

వేళకి తింటున్నారా? "ఊ" అని రాసి తప్పించుకోకండి.

చిట్టి

*

ఇల్లు
మంగళవారం

చిట్టికి,

తింటున్నాను.

కంప్యూటర్ చేత చెప్పించండి. నాకు అభ్యంతరం లేదు. మీ అక్క చెప్పినదంతా తీసి పారేయడం కంటే రెండు వాక్యాలు యంత్రం చెప్పడం నయం. ఆ సినిమా పూర్తి కావాలని ఆమెకి ఉండేది.

ఒక సంగతి నీకు తెలుసని నాకు తెలుసు. నువ్వెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. మొదట్లో మీరు పంపిన కాగితాల్లో బొంగరం మాటలు పొడుగ్గా ఉండేవి. ఒక్కో వాక్యం రెండేసి వరుసలు. ఆమె ఆయాసం పెరిగేకొద్దీ కొత్త కాగితాలు వచ్చేవి, వాక్యాలు చిన్నవయ్యేవి. "రచయిత మార్చాడు" అని రాసేదానివి. రచయిత ఎవరో మా ఇద్దరికీ తెలుసు. "మీ మరదలు నా కోసం రోబో నోరు నొక్కేస్తోంది" అని మీ అక్క మురిసిపోయేది. ఇన్నాళ్లూ చెప్పడం కుదరలేదు. ఇప్పుడు చెప్తున్నాను. చాలా థాంక్స్.

నా పని గురించి కూడా చెప్పాలి. రోబో ఊపిరి తీసుకోదు కాబట్టి మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినబడకూడదని మొదటి వారంలోనే నువ్వు అన్నావు. ఊపిరి కత్తిరించడం నాకు అప్పజెప్పావు. రోజూ సాయంత్రం అదే చేశాను. కంప్యూటర్ తెర మీద ఆమె గొంతు గీతలు గీతలుగా కనబడుతుంది. మాట ముందు చిన్న గడ్డి పరకలా లేచేది ఊపిరి. దాన్ని పట్టి తీసేయడమే. నీళ్ల పరీక్షల ల్యాబులో ఇన్నేళ్లు చేసిన పనీ అలాంటిదే. నీళ్లలో ఉండకూడనిది కనిపెట్టడం. ఒక్కటి కూడా వదల్లేదని అనుకుంటున్నాను. తీసినవి దాచలేదు. దాచాలని తోచలేదు.

ఆ ఫైళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. కంప్యూటర్‌కి నేర్పడానికి పనికొస్తాయి.

మీ బావ

*

స్టూడియో
శనివారం

బావగారికి,

మీ ఉత్తరం మీద కోపం వచ్చింది. ఆ తర్వాత నా మీద వచ్చింది. మొత్తానికి ఇవాళ స్టూడియోలో నా జోలికి ఎవరూ రాలేదు.

మీరన్నట్టే మీ శుభ్రమైన ఫైళ్లు కంప్యూటర్‌కి ఇచ్చారు. అది నేర్చుకుంది. నిన్న రెండు వాక్యాలూ పలికింది. అక్క గొంతే. ఒట్టు, అక్క గొంతే. "వాళ్లని" అన్నప్పుడు ఆ చిన్న జీర కూడా ఉంది. నిర్మాత కళ్లు తుడుచుకున్నాడు. నేను మాత్రం చెవుల్లోంచి తీసి పక్కన పెట్టేశాను. బస్టాండులో "దయచేసి ప్రయాణికులు గమనించగలరు" అంటుందే, ఆవిడ మా అక్క మొహం తగిలించుకుని వచ్చినట్టుంది. ఏం తక్కువైందో వెంటనే తెలిసింది. ఎందుకంటే ఈ తప్పు నేను ఒకసారి చేసి ఉన్నాను.

బావా, ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదవండి.

రోబోకి ఊపిరి ఉండకూడదన్నది నా తెలివితేటలే. మీరు కత్తిరించి పంపిన మొదటి సీన్లు పది మంది పిల్లల్ని కూర్చోబెట్టి చూపించాం. బొంగరం మాట్లాడుతుంటే వాళ్లు జడలు లాక్కుంటున్నారు, ఒకడైతే కుర్చీ కిందికి దూరాడు. ఎవరికీ ఆ రోబో అక్కర్లేదు. మిక్సింగ్ అబ్బాయి గొణిగాడు, "ఊపిరి లేకపోతే అది ఎవరితో మాట్లాడుతున్నట్టు మేడం?" అని. సిగ్గేసింది. ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేశాను. కత్తిరించనివి పంపమని అడిగాను, బావకి ఇంక ఆ పని వద్దని చెప్పేయమన్నాను.

అక్క ఏమందో తెలుసా? "కత్తిరించనివి నేను పంపిస్తా. ఆయనకి మాత్రం చెప్పకే. ఆ పని లేకపోతే సాయంత్రమంతా నా మంచం చుట్టూ తిరుగుతూ, గంటకోసారి వేలికి ఆ క్లిప్పు పెట్టి ఆక్సిజన్ నంబరు చూస్తుంటాడు. ఇప్పుడైతే బుద్ధిగా బల్ల దగ్గర కూర్చుని నన్నే వింటున్నాడు. పెళ్లయిన ఇన్నాళ్లకి నా మాట ఇంత శ్రద్ధగా వింటున్నాడే! చెడగొట్టకు."

అందుకని రోజూ రెండు రకాలు వచ్చేవి. మీరు కత్తిరించినవి మీరు పంపేవారు. కత్తిరించనివి, మీరు ల్యాబుకి వెళ్లాక, అక్క పంపేది. సినిమాలో ఉన్నవి అక్క పంపినవి. చిట్టచివరి వాక్యం కూడా. ఆ రోజు మీరు ఇంట్లోనే ఉన్నా, మధ్యాహ్నం పడుకునే ముందే ఎలాగో పంపేసింది.

బొంగరానికి ఊపిరి ఉంది బావా. ప్రతి మాట ముందూ ఉంది. మీరు పారేసిన వాటిలో ఏదీ పోలేదు.

ఇన్నాళ్లు దాచినందుకు తిట్టండి. ఈ కవరులో ఒక చిన్న పెన్‌డ్రైవ్ పెట్టాను. సినిమాలో ఒక ముక్క ఉంది. దాగుడుమూతల సీను. వినాలనిపిస్తేనే వినండి.

నిర్మాతకి ఇంకా ఏమీ చెప్పలేదు. కంప్యూటర్ వాక్యాలు వద్దంటే మొదటి దారే మిగిలింది, ఇంకో ఆర్టిస్టు. ఆవిడ కాల్షీట్లు కూడా అడిగి పెట్టాడు. వచ్చే వారం దాకా ఆపగలను. తర్వాత నా చేతుల్లో లేదు.

చిట్టి

*

ఇల్లు
బుధవారం

చిట్టికి,

తిట్టను.

నీ ఉత్తరం సోమవారం అందింది. పెన్‌డ్రైవ్ ఇవాళ పెట్టాను.

ఒక సంగతి నీకు రాయలేదు. ఆక్సిజన్ యంత్రం ఇప్పటిదాకా ఆపలేదు. అద్దెకిచ్చినవాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు, వారం ఆగమన్నాను. ఇంట్లో ఆ చప్పుడు లేకుండా ఉండటం అలవాటు తప్పింది. ఇవాళ నీ ముక్క వింటే మాటలు వినబడ్డాయి, ఊపిరి వినబడలేదు. యంత్రం చప్పుడులో కలిసిపోతోంది. లేచి ఆపాను.

అప్పుడు వినబడింది.

పిల్ల బస్సు వెనకాల దాక్కుంటుంది. "నువ్వెందుకు దాక్కున్నావు? నాకు కనబడుతున్నావు" అంటుంది బొంగరం. "కనబడినా కనబడనట్టు ఉండాలి. అదే ఆట" అంటుంది పిల్ల. అక్కడ ఊపిరి తీసుకుంటుంది మీ అక్క. కొంచెం పొడుగ్గా. ఆ తర్వాత "సరే, కనబడలేదు" అంటుంది. ఆ ఊపిరి తీసేసినట్టు నాకు గుర్తుంది. ఆ రోజు దాన్ని తీయడానికి కష్టపడ్డాను, మాటకి మరీ అతుక్కుని ఉంది. ఇప్పుడు విన్నాను. అది లేకపోతే ఆ సీను లేదు. నువ్వు చెప్పింది నిజం.

చాలాసార్లు విన్నాను. మీ అక్క నన్ను ఏమార్చినందుకు నవ్వు కూడా వచ్చింది. నీ పుణ్యాన నవ్వాను.

కంప్యూటర్ వాక్యాలు వద్దు. ముందు ఒప్పుకున్నది నేనే, వద్దంటున్నదీ నేనే. నిర్మాతకి నా మాటగా చెప్పు. ఆయన నన్ను అడిగే దాకా ఆగినందుకు ధన్యవాదాలు కూడా చెప్పు. అడగకుండా చేసేవాళ్లు ఉంటారు.

ఇంకో ఆర్టిస్టు కూడా అక్కర్లేదేమో. నాకు సినిమాలు తెలియవు. జరిగింది చెప్తాను, పనికొస్తుందేమో నువ్వే చూడు.

ఆ చివరి సీను మేం ముందు నుంచీ చదువుకుంటూ ఉన్నాం. రికార్డింగుకి కాదు, ఉత్తినే, మంచం మీదే. నేను పిల్ల మాటలు, ఆమె బొంగరం మాటలు. మొదటి వాక్యం చెప్పేసరికి ఆమెకి ఊపిరి అందేది కాదు. రెండోదానికి గాలి లాగుతూ ఉంటే చూస్తూ ఊరుకోలేక నేనే చెప్పేసేవాణ్ణి. "తెలుసులే. పక్కన ఎవరుంటే వాళ్లని పిలవాలి. నేను పిలుస్తాననే చూస్తుంటారు. అంతేగా?" అనేవాణ్ణి. ఆమె "ఊ" అనేది. ఆ సీను మా ఇంట్లో రోజూ అలాగే అయ్యేది. కాగితం మీద ఉన్నట్టు ఒక్కసారీ కాలేదు.

బొంగరం మొదటి వాక్యం చెప్పి ఆగాక, మిగతాది పిల్ల చెప్తే కుదరదా? అన్నాళ్ల స్నేహంలో పిల్లకి ఆ మాత్రం తెలిసి ఉంటుంది కదా. బొంగరం చివర్లో "ఊ" అంటే చాలు. "ఊ"లు మీ దగ్గర కావలసినన్ని ఉంటాయి.

యంత్రం వాళ్లకి ఫోన్ చేశాను. రేపు వచ్చి పట్టుకెళ్తామన్నారు.

మీ బావ

*

స్టూడియో
సోమవారం

బావగారికి,

"ఊ"లు కావలసినన్ని ఉన్నాయా అంటారా? ఫైలు తెరిస్తే వరదే. కోపం ఊ, నిద్ర ఊ, "నువ్వు చెప్పేది తప్పు కానీ వాదించను" ఊ. అక్క ఆ "ఊ"లు ఎక్కడ నేర్చుకుందో మీ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. మొదటి రోజే నాతో అంది, "రోబోకి ఎవర్ని చూసి చెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నానే, తీరా చూస్తే ఇంట్లోనే ఉన్నాడు" అని. మీకు తెలియదనుకుంటా.

మీ ఉత్తరం నిర్మాతకి చదివి వినిపించాను. మంచం దగ్గరి ముక్క దాకా వచ్చేసరికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. "ఇదే తీద్దాం" అన్నాడు. రచయితకి ఫోన్ చేస్తే, "నేను రాసినదానికంటే బాగుందని ఒప్పుకోడానికి ఒక రోజు టైమివ్వండి" అని పూట తిరక్కుండా ఒప్పుకున్నాడు. ఆ ఆర్టిస్టుకి కాల్షీట్లు అక్కర్లేదని చెప్పేశాం. బొంగరం మొదటి నుంచి చివరిదాకా అక్కే. మీరు నాకు థాంక్స్ చెప్పారు, ఇప్పుడు నా వంతు. నాకు మాటలు రావడం లేదు. నాకు! మాటలు!

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. పిల్లకి డబ్బింగ్ చెప్పేది మా పిచ్చుక. మూడో తరగతి, మూరెడు మనిషి, మైకు అందడానికి పీట వేస్తాం. ఇవాళ పొద్దున బడికి ముందు ఆ మాటలు చెప్పించాను. ఎన్నిసార్లు చెప్పినా ఏడుపు గొంతుతోనే వస్తోంది. ఏడవకూడదు కదా అక్కడ. ఎలా చెప్పాలో నేను చెప్తుంటే ఇంకా పాడవుతోంది. చివరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్నే నిలదీసింది.

"ఇది ముందు ఎవరు చెప్పారు?"

"బొంగరం అత్తయ్య వాళ్లాయన."

"ఆ కరెంటు బిల్లు తాతయ్యా?"

క్షమించండి. అక్క పంపిన ఫైళ్లలో పిల్ల మాటలు చదివే మీ గొంతు కూడా ఉండేది. ఈ పిచ్చుక, సినిమా అంతా ఆ గొంతు వింటూనే తన మాటలు చెప్పుకుంది. కరెంటు బిల్లు చదువుతున్నట్టు ఉంటారని ఆ పేరు పెట్టింది. మిమ్మల్ని చూడకుండానే మీకు అభిమాని.

"అవును, ఆయనే" అన్నాను.

"ఆయన ఏడుస్తూ చెప్పాడా?"

"లేదు."

"మరెలా చెప్పాడు?"

నాకు తెలియదు బావా. ఆ గదిలో మీరిద్దరే ఉన్నారు. అదే చెప్పాను. "అయితే ఆయన్ని రమ్మను. విని చెప్తా. అందాకా నేను బడికి పోతా" అని సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది. శుక్రవారం మళ్లీ వస్తుంది. ఆ రోజు కూడా సరిగ్గా రాకపోతే ఈ సీనుకి ఇంకో రోజు లేదు.

మీకు ప్రయాణాలు ఇష్టం ఉండవు. హెడ్‌ఫోన్లు, గుంపు, ఎవరో ఒకరు వచ్చి అక్క గురించి చెప్పడం, ఇవన్నీ తప్పవు. కష్టమైతే ఫోన్‌లో చెప్పినా సర్దుకుంటాను. కానీ వస్తే బాగుంటుంది. సినిమా అంతా ఒకసారి చూపిస్తాను, మీరు ఇంతవరకు ముక్కలే విన్నారు. అమ్మ కూడా మిమ్మల్ని చూడాలంటోంది.

చిట్టి

*

ఇల్లు
గురువారం

చిట్టికి,

ఇది నాకంటే ముందు చేరేలా మీ ఊరు వచ్చే బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. ఇది తీసుకోవడానికి డిపోకి మనిషిని పంపమని స్టూడియోకి ఫోన్ చేసి చెప్పాను.

ల్యాబులో సెలవు అడిగాను. ఇన్నేళ్లలో నేను అడిగిన సెలవులు తక్కువ, మా పెద్దసారు కారణం కూడా అడగలేదు. చెప్తే, "ఆ సినిమా మా మనవరాలికి చూపిస్తాను" అన్నాడు. నర్సు దారిలో కనబడింది. రోబో సినిమా ఎప్పుడు వస్తుందని అడిగింది. బళ్లకి సెలవులిచ్చేసరికి వస్తుందని చెప్పాను.

ఆ మాటలు ఎలా చెప్పానో రెండు రోజులుగా గుర్తు చేసుకుంటున్నాను. ఏడుపు లేదు. ఓదార్పు కూడా కాదు. మీ అక్క చేతిలో ఏదైనా బరువు ఉంటే అందుకుంటాం కదా, అలా చెప్పాను. తొందరగా, గట్టిగా కాకుండా. ఉత్తరంలో ఇంతకంటే రాయలేను. చెప్పి చూపించాల్సిందే.

మీ అక్కకీ, నీకూ, ఆ పిల్లకీ, ఆగి అడిగిన మీ నిర్మాతకీ నేను చెప్పుకోవలసినది చాలా ఉంది. వచ్చాక నోటితోనే చెప్తాను.

రేపు పొద్దున మొదటి బస్సు ఎక్కుతాను. పిచ్చుక బడి నుంచి వచ్చేలోపు మీ స్టూడియోలో ఉంటాను. ఆ పిల్ల పీట ఎక్కాక ఎదురుగా నిలబడి, మీ అక్క మొదటి వాక్యం విని, ఆమె ఊపిరి తీసుకునే దాకా ఆగి, మిగతాది చెప్తాను.

మీ బావ